తక్కువ బడ్జెట్‌లో పికప్‌కి వించ్: జేసీ రోడ్డు నుంచి సకలేశపుర దాకా

బెంగళూరులో పికప్‌కి ఎలక్ట్రిక్ వించ్ (ఇరుక్కున్న బండిని, డ్రమ్ముకి తాడు చుట్టుకుంటూ బయటికి లాగే మోటార్ యంత్రం) పెట్టించుకోవాలంటే దుకాణాలకి కొదవలేదు, కానీ 50 వేల చుట్టుపక్కల బడ్జెట్ అనగానే ఎక్కడికి వెళ్లినా ముందు చూపించేది డబ్బా మీద పెద్ద అక్షరాల్లో అచ్చేసిన, లాగే బలం చెప్పే పౌండ్ల అంకె. 9,500, 12,000, 13,000. ఊరంతా తిరిగాక నాకు అర్థమైంది, ఆ అంకె చూసి ఆగిపోతే డబ్బు దండగ. వైరింగ్ ఎవరు చేస్తున్నారు, రేపు సోలినాయిడ్ (మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) కాలిపోతే కొత్తది ఎవరి దగ్గర దొరుకుతుంది అన్నదే అసలు సంగతి. ఆ తిరుగుడు, ఆ తర్వాత వానల్లో సకలేశపుర వెళ్లి దాన్ని వాడిన అనుభవం, దిగిన చోట్లు, అన్నీ కలిపి రాస్తున్నాను. కొనేవాళ్లకి పనికొస్తుంది.

మా బండి ఇసుజు వి-క్రాస్, మన శ్రీసిటీలో తయారైనదే. ఫోర్ బై ఫోర్ ఉండగా వించ్ ఎందుకని ఆఫీసులో చాలామంది అడిగారు. హిందూపురం దగ్గర మా తోటకి వెళ్లే దారిలో చెరువుకట్ట పక్కన బంకమట్టి ఉంది, వాన పడిందంటే నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉంటాయి, బండి మాత్రం అంగుళం కదలదు. ప్రతిసారీ ట్రాక్టర్ కోసం ఊళ్లోకి ఫోన్ చేయడం, ఆయన చేలో పని ఆపుకుని రావడం, ఇద్దరికీ ఇబ్బందే.

ముందు లెక్క చూద్దాం. ఖాళీ బండి దాదాపు రెండు టన్నులు, మనుషులూ సామానూ ఎక్కితే రెండున్నర. వించ్ బలం దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలంటారు, అంటే 3,750 కిలోలు, పౌండ్లలో 8,270. దానికి పైన దొరికే సైజు 9,500, సుమారు 4,300 కిలోలు, ఇలాంటి పికప్‌కి అది చాలు. 12,000 తీసుకుంటే ముందు సస్పెన్షన్ మీద బరువు, బ్యాటరీ మీద భారం, రెండూ పెరుగుతాయి. ఇక దుకాణంలో ఎవరూ చెప్పని విషయం ఒకటి ఉంది. ఆ 9,500 అనేది డ్రమ్ము మీద తాడు మొదటి వరసలో ఉన్నప్పటి బలం. పైన వరసలు పేరుకున్న కొద్దీ తగ్గుతూ వచ్చి, నాలుగో వరసకి మూడింట రెండొంతులు మిగిలితే గొప్ప. వరసల వారీగా బలం, బరువు వారీగా ఎన్ని ఆంప్స్ లాగుతుందో చూపించే పట్టిక మాన్యువల్‌లో ఉంటుంది. అది చూపించమంటే తడుముకునే చోట నేనైతే కొనను.

మొదట వెళ్లింది జేసీ రోడ్డుకి. టౌన్ హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా రెండు వైపులా కార్ల సామాన్ల దుకాణాలే. పొద్దున పదిన్నర దాటితే పికప్ ఆపుకోవడానికి చోటు దొరకదు, మెట్రోలో పోయి నడుచుకుంటూ చూడటం మేలు. తెలుగులో మాట్లాడితే తెలుగులోనే బదులిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, బేరం బాగానే కుదురుతుంది. ఒక దుకాణంలో 9,500 పౌండ్ల చైనా వించ్ స్టీల్ రోప్‌తో 38 వేలకి దిగాడు. మోటార్ ఏ రకం అని అడిగితే "ఫుల్ కాపర్ సార్, దేనికీ ఇబ్బంది లేదు" అంటాడు గానీ అసలు జవాబు రాదు. ఈ ప్రశ్న మాత్రం వదలకూడదు. పర్మనెంట్ మాగ్నెట్ మోటార్ కరెంటు తక్కువ తీసుకుంటుంది, చవక కూడా, కానీ వేడెక్కేకొద్దీ నీరసపడిపోతుంది. సిరీస్ వౌండ్ మోటార్ కరెంటు ఎక్కువ తాగినా బరువు మీద నిలబడుతుంది. రెండున్నర టన్నుల బండికి సిరీస్ వౌండే కావాలి.

ఆ దుకాణంలోనే వించ్‌తో పాటు ముందు భాగానికి పెద్ద ఇనుప బంపర్ కూడా అంటగట్టబోయారు. నేను వద్దన్నాను. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధమని, చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి ముందు అంత ఇనుము పెడితే సెన్సార్ సరైన సమయానికి పనిచేస్తుందన్న భరోసా కూడా పోతుంది. కంపెనీ బంపర్ వెనకాలే ప్లేట్ పెట్టి వించ్‌ని లోపల దాచే పద్ధతి ఉంది, అదే చేయించాం. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా రాతపూర్వకంగా చెప్పి పెట్టాను.

ఆన్‌లైన్‌లో ధర ఇంకో నాలుగైదు వేలు తక్కువే ఉంది. అయితే దాదాపు నలభై కిలోల డబ్బా గేటు దగ్గర దించేసి పోతారు, తెరిచి చూసేసరికి డ్రమ్ముని వదిలే క్లచ్ పిడి వంకర పోయి ఉంటే తిరిగి పంపడానికి మళ్లీ ఆ బరువు మోయాల్సింది మనమే. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయనకి సరిగ్గా ఇదే జరిగింది, అమ్మినవాళ్లు విడిభాగం లేదు, మొత్తం కొత్తది కొనుక్కోమన్నారు.

చివరికి కొన్నది హోస్కోటె దారిలో ఆఫ్‌రోడ్ బండ్ల పని చేసే ఒక వర్క్‌షాప్‌లో. ధర 56 వేలు, సింథటిక్ తాడుతో. జేసీ రోడ్డు రేటుతో పోలిస్తే ఎక్కువే. కానీ నేను అడగక ముందే ఆ మెకానిక్ సోలినాయిడ్ డబ్బా మూత విప్పి లోపల రబ్బరు సీలు చూపించాడు, అలమరలోంచి అదే మోడల్‌కి విడి సోలినాయిడ్, బ్రేకు సామాను తీసి బల్ల మీద పెట్టాడు. కిట్‌లో వచ్చిన కేబుల్ తీసుకుని ఒక చివర బ్లేడుతో గీరాడు, పైన రాగి రంగు పోయి లోపల తెల్లగా బయటపడింది. రాగి పూత పూసిన అల్యూమినియం. "దీంతో లాగితే తీగే వేడెక్కుతుంది అన్నా, ఎస్పీ రోడ్డులో 35 స్క్వేర్ ఎం.ఎం. వెల్డింగ్ కేబుల్ తెచ్చుకోండి, నేనే చివర్లకి లగ్గులు కొట్టిస్తా" అన్నాడు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

ఆ మాటలో విషయం ఉంది. ఈ సైజు వించ్ పూర్తి బరువు మీద 400 ఆంప్స్ చుట్టుపక్కల లాగుతుంది. బండి ఆల్టర్నేటర్ ఇచ్చేది మహా అయితే వంద, నూట ఇరవై. మిగతాదంతా బ్యాటరీ మోయాలి. అందుకే ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఒక నిమిషం లాగి, కాసేపు ఆపి, మళ్లీ లాగాలి. కేబుల్ సన్నగా ఉంటే వోల్టేజీ దారిలోనే పడిపోయి మోటార్‌కి అందాల్సింది అందదు, వేడి మాత్రం పెరుగుతుంది. ఎస్పీ రోడ్డులో మంచి రాగి కేబుల్ మీటర్ల లెక్కన దొరికింది, పక్క సందులోనే బ్యాటరీ కటాఫ్ స్విచ్ కూడా తీసుకున్నాం. ఆ స్విచ్ లేకుండా వించ్‌ని నేరుగా బ్యాటరీకి కలిపేసే దుకాణాలున్నాయి, ఎక్కడైనా కేబుల్ ఒరుసుకుని షార్ట్ అయితే ఆపడానికి దారి ఉండదు.

ప్లేట్ మాత్రం పీణ్యలో చేయించాం. వించ్ అడుగున నాలుగు బోల్టుల కొలత చాలా కంపెనీలకి ఒకటే, 254 బై 114 మిల్లీమీటర్లు, అందువల్ల రేపు ఇది పోయి వేరే కంపెనీది కొన్నా ఇదే ప్లేట్ పనికొస్తుంది. 6 మి.మీ. ఇనుప రేకు, 8.8 గ్రేడ్ బోల్టులు, దానికే రెండు పక్కలా షాకిల్ (U ఆకారపు ఇనుప లంకె) పట్టే రింగులు. డ్రాయింగ్ ఇస్తే రెండో రోజుకే కోసి వెల్డింగ్ చేసి ఇచ్చారు, పని శుభ్రంగా ఉంది.

తాడు గురించి మా బావకీ నాకూ కొంచెం వాదన నడిచింది. ఆయన స్టీల్ రోప్ అంటాడు, రాళ్ల మీద ఒరుసుకున్నా తట్టుకుంటుంది, చవక. నిజమే. కానీ స్టీల్ రోప్ తెగితే వెనక్కి విసిరికొట్టే దెబ్బకి మనిషి ప్రాణం పోవచ్చు, చేతికి ముళ్లు గుచ్చుకుంటాయి, పది కిలోల బరువు అదనం. సింథటిక్ తాడుకి ఎండ, బురద, పదునైన రాయి పడవు, కాబట్టి దాన్ని చూసుకోవాలి, కవర్ వేయాలి. ఇంట్లోవాళ్లు, తోటలో పనివాళ్లు చుట్టూ నిలబడే చోట వాడతాం కాబట్టి నేను సింథటిక్ దగ్గరే పట్టుబట్టాను. దానికి తాడు బయటికొచ్చే చోట నున్నటి అల్యూమినియం ఫెయిర్‌లీడ్ ఉండాలి, స్టీల్ రోప్ వాడి గీతలు పడ్డ పాత రోలర్ల మీద దీన్ని నడిపిస్తే తాడు చీలిపోతుంది.

ఇక ప్రయాణం. నెలమంగల దాటి కుణిగల్, చన్నరాయపట్టణ, హాసన్ మీదుగా సకలేశపుర బెంగళూరు నుంచి 220 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తెల్లవారకముందే బయల్దేరితే నెలమంగల దగ్గర ఇరుక్కోం. హాసన్ దాకా రోడ్డు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత వానాకాలంలో టైమ్ లెక్కలు పెట్టుకోవద్దు, శిరాడి ఘాట్‌లో కొండచరియ విరిగిపడిందంటే మంగళూరు లారీలన్నీ ఆగిపోతాయి.

మేం దిగింది కాఫీ తోటలో ఒక హోమ్‌స్టే. చివరి రెండు కిలోమీటర్లు ఎర్రమట్టి దారి, వాళ్లే జీపులో తీసుకెళ్తారు, దానికి విడిగా డబ్బు. కారులో వచ్చేవాళ్లు ఆ జీపు తీసుకోవడమే మంచిది. మేం మా బండిలోనే వెళ్లాం, ఒక మలుపులో ఎడమ చక్రాలు నీళ్లు కోసిన గాడిలోకి జారి బండి అడుగు గట్టుకి ఆనింది. పక్కనే వరసగా సిల్వర్ ఓక్ చెట్లు. బావ పట్టీ తీసుకుని దగ్గరి చెట్టుకి వెళ్లేలోపే తోట మనిషి ఒకాయన "బేడ సార్, బేడ" (వద్దు సార్, వద్దు) అంటూ పరుగెత్తుకొచ్చాడు. వాటి మీదకి మిరియాల తీగలు పాకించి ఉన్నాయి, పట్టీ బిగిస్తే తీగ నలిగి ఆ ఏడాది కాపు పోతుంది. ఆయనే కొంచెం పైన ఉన్న లావుపాటి పనసచెట్టు చూపించాడు. ఎనిమిది తొమ్మిది మీటర్ల దూరం.

చెట్టుకి వెడల్పాటి పట్టీ, దానికి షాకిల్, షాకిల్‌కి కప్పీ, తాడు కప్పీలోంచి తిప్పి కొక్కెం మళ్లీ మన ప్లేట్ రింగుకి. ఇలా చేస్తే లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. తాడు ఎక్కువ బయటికొస్తుంది కాబట్టి డ్రమ్ము మీద కింది వరసలే మిగిలి, మోటార్‌కి కూడా తేలిక. అయితే డ్రమ్ము మీద సింథటిక్ తాడు కనీసం పది చుట్లు ఉంచాలి. తాడు మీద తడి గోనెసంచి వేశాం, అందరినీ దూరంగా పంపించాను, రిమోట్ వైరు తలుపు కిటికీలోంచి లోపలికి తీసుకుని నొక్కాను. తాడు బిగిసి నీళ్లు చిమ్మింది, బండి ముక్కు కొద్దిగా వంగింది, మీటర్‌లో వోల్టేజీ 14 నుంచి 12 లోపుకి దిగింది. నిమిషం లాగి ఆపాను. వోల్టేజీ మళ్లీ పైకొచ్చాక ఇంకో విడత. మోటార్ మీద చేయి పెడితే వేడి తెలుస్తోంది గానీ కాలేంత లేదు. మెల్లగా ఎడమ ముందు చక్రం గాడిలోంచి పైకొచ్చింది. పనసచెట్టు బెరడు మీద గీత కూడా పడలేదు, ఆ పట్టీకి పెట్టిన డబ్బు ఊరికే పోలేదు.

హోమ్‌స్టే విషయానికొస్తే, తిండి అద్భుతం. అక్కి రొట్టె, కడుబు, నాటుకోడి కూర, అడిగినకొద్దీ వడ్డించారు. స్నానానికి కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు. సిగ్నల్ లేదు, దాంతో ఫోన్‌పే పనిచేయదు, నగదు పట్టుకెళ్లాలి, ఈ మాట బుకింగ్ అప్పుడే వాళ్లు చెప్పి ఉండాల్సింది. పార్కింగ్ వాలు మీద, చెట్ల కింద. చక్రాలకి రాళ్లు పెట్టి పడుకున్నాం. పిల్లలతో వెళ్లేవాళ్లు జలగలకి ఉప్పు, పొడుగు సాక్సులు మరవొద్దు.

మంజరాబాద్ కోట తప్పకుండా చూడండి, 1792లో టిప్పు సుల్తాన్ కట్టించిన నక్షత్రాకారపు కోట, హైవే పక్కనే, మెట్లు మాత్రం వానలో జారతాయి. బిస్లె వైపు అడవి దారి అందంగానే ఉంది, మేం వెళ్లినప్పుడు మంచు తప్ప ఏమీ కనబడలేదు, అక్టోబరు తర్వాత వెళ్లడం మంచిది.

తిరిగొచ్చేటప్పుడు రాత్రి హాసన్‌లో ఒక లాడ్జిలో ఆగాం. గదిలో చెప్పుకోవడానికి ఏమీ లేదు, మంచం శుభ్రంగా ఉంది, అంతే. కానీ మాలాంటి బండి ఉన్నవాళ్లకి అది హోమ్‌స్టే కన్నా మేలు: ఆవరణలో దీపాల కింద పార్కింగ్, రాత్రంతా వాచ్‌మన్, బయట పైపు ఉన్న కొళాయి. వాచ్‌మన్‌ని అడిగితే పైపు ఇచ్చాడు, తాడు మొత్తం చేత్తో బయటికి లాగి బురద కడిగాం. మట్టి రేణువులు పోగుల మధ్య ఉండిపోతే లోపలి నుంచే కోసేస్తాయి. విప్పేటప్పుడు మోటార్‌తో కాకుండా క్లచ్ వదిలి చేత్తో లాగడమే పద్ధతి, చాలా చవక వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది, అది వేడెక్కితే సింథటిక్ తాడు కరిగిపోతుంది.

బెంగళూరు వచ్చాక హోస్కోటె దారి వర్క్‌షాప్‌కి వెళ్లి బోల్టులు మళ్లీ బిగింపు చూపించాం, దానికి డబ్బు తీసుకోలేదు. బంపర్ వెనక సోలినాయిడ్ డబ్బా దగ్గరికి కొంచెం బురద చేరి ఉంది, లోపలికి పోలేదు. అయినా అక్కడ ఉండటం మంచిది కాదని దాన్ని ఇంజన్ గదిలో బ్యాటరీ పక్కకి మార్చాడు, కేబుల్ పొడవు కూడా తగ్గింది. కూలీ 1,500 అయింది. విడి సోలినాయిడ్ ఒకటి కొని సీటు కింద పెట్టుకున్నాను. వైర్‌లెస్ రిమోట్ ఇస్తానన్నా తీసుకోలేదు, వానలో వైరు రిమోట్ మీదే నాకు నమ్మకం.