రెస్పాన్స్ పేపర్‌కి రవా, దయానిధా?

తనను తాను వెతుక్కునే కుర్రాడి నవల మీద రెస్పాన్స్ పేపర్ (చదివాక మనకేమనిపించిందో చెప్పే వ్యాసం) రాయాలంటే ‘అంపశయ్య’ (హీరో రవి), ‘చివరకు మిగిలేది’ (హీరో దయానిధి) రెండూ ఊరిస్తాయి.

కాలం: నవీన్ ‘అంపశయ్య’ (1969)లో ఒక్క రోజే. బుచ్చిబాబు నవలలో ఏళ్లు గడుస్తాయి.

శ్రమ: రవి ఆలోచన ఎటు దూకితే కథ అటే. మొదట్లో తల తిరుగుతుంది, తర్వాత అలవాటవుతుంది. దయానిధిని మాత్రం ఆగి ఆగి చదవాలి.

రిస్క్: రవి ఉస్మానియా విద్యార్థి. అతని డబ్బు ఇబ్బంది, పరీక్షల టెన్షన్ మనవే అనిపించి పేపర్ కాస్తా సొంత డైరీ అయిపోతుంది. దయానిధి గురించైతే వేదాంతంలోకి జారిపోతాం. తల్లి మీద పడ్డ నింద అతన్ని ఎలా వెంటాడిందో పట్టుకోండి, పేపర్ నిలబడుతుంది.

ఖర్చు: లైబ్రరీ కార్డు ఉంటే దాదాపు సున్నా.

వారంలో ఇవ్వాలంటే, అందులోనూ హాస్టల్లో ఉంటే, రవి. సెలవులుండి, ఇంటి పరువు గొడవలు దగ్గర్నుంచి చూసినవాళ్లకు దయానిధి.