ఎర్రమల గుట్ట మీద ఇల్లు: రాతి మిద్దెనా, కాంక్రీటా?

కడప జిల్లాలో గుట్ట మీద ఇల్లు కట్టేవారు ముందు ఎండకు జవాబు చెప్పాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే చోట కాంక్రీటు కప్పు పగలంతా వేడి తాగి, రాత్రి మన మంచం మీదికి దించుతుంది. అడుగున్నర మందం రాతి గోడను దాటడానికి అదే వేడికి గంటలు పడుతుంది. పైగా రాయి దగ్గర్లోనే దొరుకుతుంది. కాంక్రీటుకైతే ఇసుక, ఇనుముతో పాటు క్యూరింగుకు, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా తడపడానికి, నీళ్లు కూడా గుట్ట ఎక్కాలి. ట్యాంకర్ ఖర్చు ముందే లెక్క వేసుకోండి!

రాతి గోడల మీద దూలాలు వేసి మట్టి కప్పే పాతకాలపు మిద్దె మీద మాత్రం నాకంత మోజు లేదు. చల్లదనం నిజమే. కానీ వానలకు ముందు కప్పు మీద చవుడు మన్ను పోయించాలి, దూలాలకు చెదలు పట్టకుండా చూసుకోవాలి. పండక్కి మాత్రమే ఊరొచ్చేవారికి అది కుదిరే పని కాదు. నేనైతే గోడలు రాతితో కట్టించి, కప్పు కాంక్రీటుతో వేయించి, అది వేడి తక్కువ తాగేలా పైన తెల్ల సున్నం కొట్టిస్తాను. పడమటి కిటికీలు చిన్నవే పెట్టిస్తాను.