చేదు మాత్ర, మొండి పిల్లి: ఖాళీ క్యాప్సూళ్లు, పిల్ గన్, క్రీమీ ట్రీట్లు ఏళ్ల తరబడి వాడాక

పిల్లికి రోజూ మాత్ర వేయాల్సిన ఇంట్లో ఏదో ఒక్క వస్తువే కొనమంటే నాలుగో నంబరు సైజు ఖాళీ జెలటిన్ క్యాప్సూళ్లు కొనమంటాను. మాత్రను నోట్లోకి తోసే గొట్టం, పిల్ గన్, దాని తర్వాతే. మాత్రను లోపల దాచి పెట్టే మెత్తటి ట్రీట్లు మా దగ్గర పనిచేయలేదు. తువ్వాలులో చుట్టి పట్టుకోవడం పూర్తిగా మానేశాం. ఇదంతా మా పండు కోసం, వాడు రోజూ వేసుకునే క్లోపిడోగ్రెల్ అనే మందు కోసం.

పండు పర్షియన్ మగపిల్లి. వాడికి గుండె కండరం మందమైపోయే జబ్బు ఉంది. డాక్టర్లు హెచ్‌సీఎం అంటారు. పిల్లుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గుండె జబ్బు ఇదే. మామూలు నాటు పిల్లులకూ వస్తుంది. ఎకో, అంటే గుండె స్కాన్, తీసినప్పుడు గుండెలో ఎడమవైపు పై గది బాగా సాగిపోయిందని తేలింది. అలా సాగిన గదిలో రక్తం నిలబడి గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. ఆ గడ్డ కదిలి, పెద్ద రక్తనాళం వెనక కాళ్లకు రెండుగా చీలే చోట ఇరుక్కుంటే, అప్పటిదాకా తిరుగుతున్న పిల్లికి ఉన్నట్టుండి వెనక కాళ్లు పడిపోతాయి. కాళ్లు చల్లబడిపోయి, నొప్పికి ఇల్లు అదిరేలా అరుస్తుంది. అది జరగకుండా వేసేదే క్లోపిడోగ్రెల్. మనుషుల మందుల షాపులో దొరికే 75 మిల్లీగ్రాముల మాత్రలో నాలుగో వంతు, అంటే 18.75 మిల్లీగ్రాములు, రోజుకు ఒకసారి. ఒకసారి గడ్డ బారినపడి బతికిన పిల్లుల మీద అమెరికాలో చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. అందులో ఆస్పిరిన్ కంటే ఈ మందే మేలని తేలింది. మందు బతికున్నన్నాళ్లూ వేయాలి. మా వాడికి వేయడం మొదలుపెట్టి ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది.

ఈ మందుతో వచ్చే చిక్కంతా చేదుతోనే. మేం వాడే మాత్రకు పైన గులాబీ రంగు పూత ఉంటుంది. పూత చెక్కుచెదరనంతవరకు నాలుకకు ఏమీ తెలియదు. పావు చేయడానికి కోయగానే రెండు వైపులా తెల్లటి పిండి బయటపడుతుంది. మాత్రలు కోసే కట్టర్ బ్లేడుకు అంటిన పొడిని వేలికొసతో తీసి నాలుకకు రాసుకుని చూశాను. వేపాకు దీని ముందు దిగదుడుపే. నీళ్లు పుక్కిలించినా గొంతులో చాలాసేపు పోలేదు. ఆ పావు ముక్క అలాగే పండు నాలుక మీద పడితే క్షణాల్లో నోటి నిండా నురగ. తీగలు తీగలుగా చొంగ మెడ కింది బొచ్చంతా తడిపేస్తుంది. తల విదిలించి గోడకు చిందిస్తాడు. తర్వాత మంచం కిందకి పోయి గంటలకొద్దీ బయటకి రాడు. ఇది చూసి పిచ్చి లేచిందని భయపడే వాళ్లున్నారు. చేదుకు లాలాజలం పొంగడమే అది, కాసేపటికి దానంతటదే ఆగుతుంది. కానీ పిల్లి మర్చిపోదు. మర్నాడు కట్టర్ డబ్బా మూత తీసిన చప్పుడుకే మాయమైపోతుంది.

కాబట్టి ఏ వస్తువునైనా నేను చూసేది ఒకటే: దీనివల్ల చేదు నాలుకకు తగలకుండా ఉంటుందా, లేదా?

క్యాప్సూల్‌తో తగలదు. ఖాళీ క్యాప్సూళ్లకు నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. అన్నిటికంటే పెద్దది మూడు సున్నాలది, బాగా చిన్నది ఐదో నంబరు. పిల్లికి నాలుగు సరిపోతుంది, దాదాపు 14 మిల్లీమీటర్ల పొడవు. మేం వాడే మాత్ర పావు ముక్క అందులో కొంచెం ఇరుకుగానే అయినా పడుతుంది. మీ మాత్ర వెడల్పయితే మూడో నంబరు తీసుకోండి. రెండు మూడు రకాల మందులున్న పిల్లికైతే, కలిపి వేయవచ్చని డాక్టరు గారు చెబితే, అన్నీ ఒకే క్యాప్సూల్లో పెట్టేయొచ్చు. మూడు పోట్లాటలు ఒకటవుతాయి. ఒక్కోటి రెండు మూడు రూపాయలు పడుతుంది. జెలటిన్ వద్దనుకునే ఇళ్లకు మొక్కల పదార్థంతో చేసినవీ దొరుకుతాయి.

వీటి గురించి ఎవరూ చెప్పని సంగతి మన వాతావరణం. విజయవాడలో వానాకాలం గాలికి జెలటిన్ మెత్తబడి, డబ్బాలో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మూత బిగించే గాజు సీసాలో, విటమిన్ డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న సంచీ ఒకటి వేసి ఉంచితే ఆ బాధ లేదు. చేతులు పొడిగా ఉండాలి. చెమట వేళ్లతో పట్టుకుంటే పైభాగం జిగురుగా అయిపోతుంది. ముక్క పెట్టాక క్యాప్సూల్ బయట తెల్లపొడి అంటిందేమో వెలుతురులో తిప్పి చూడాలి. రవ్వంత అంటినా పొడి గుడ్డతో తుడవాలి. లేకపోతే క్యాప్సూల్ పెట్టీ ప్రయోజనం లేదు.

జెలటిన్‌కు ఇంకో గుణం ఉంది. తడి తగిలితే అతుక్కుంటుంది, గొంతులోనైనా అంతే. అందుకని మింగించే ముందు ఒక చుక్క నెయ్యి రాస్తాను. పేరిన నెయ్యి అయితే మరీ మంచిది, కారిపోదు. వేశాక ఏదో ఒకటి తాగించడమో నాకించడమో తప్పనిసరి. పిల్లి అన్నవాహికలో పొడి మాత్ర నిమిషాల తరబడి నిలిచిపోగలదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ లాంటి మందులు అక్కడ నిలిస్తే లోపలి గోడ కాలి పుండవుతుంది, మానాక ఆ దారి ఇరుకైపోతుంది. జలుబుకి డాక్సీ రాసినప్పుడు మాకు డాక్టరు గారు గట్టిగా చెప్పిన మాట, మాత్ర వెనకాల కనీసం ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు పోవాలని. దానితో పాలు, పెరుగు ఇవ్వకూడదు, మందు ఒంటికి సరిగ్గా పట్టదు.

ఈ నాకించే పనికే క్రీమీ ట్రీట్లు. మీ-ఓ వాళ్లవి, 15 గ్రాముల చిన్న ప్యాకెట్లు, మాకు సులువుగా దొరుకుతున్నాయి. ఇనాబా కంపెనీ చురు ట్రీట్ పండుకి ఇంకా ఇష్టం, ఖరీదు ఎక్కువ. వీటిని నేను మందు దాచడానికి వాడను. మందు పడిన వెంటనే వాడి ముక్కు ముందు పెట్టడానికే. నాకడం మొదలుపెట్టాడంటే మింగేసినట్టే. పైగా మాత్ర వెనకాలే రుచి వస్తుందని వాడికి తెలిసిపోయింది. ఇప్పుడు సాయంత్రం ఆ వేళకి తనే వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి కూర్చుంటున్నాడు. ఇంత మార్పు ఇంకే వస్తువుతోనూ రాలేదు. ప్యాకెట్ మొత్తం ఇవ్వను, మూడో వంతు చాలు. గుండె జబ్బు పిల్లికి ఉప్పు తక్కువగా ఉండాలి. ఎండు మెత్తళ్లంటే వాడికి ప్రాణం, అయినా ఉప్పుచేప కాబట్టి మా ఇంట్లో బంద్. వాటి బదులు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయకుండా ఉడకబెట్టిన తాజా చేప ముక్క. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల రక్తానికి విషం.

దాచే ట్రీట్ల సంగతి. మధ్యలో గుంటతో మెత్తగా ఉండి, మాత్ర పెట్టి నొక్కేసే రకం. పూత చెదరని చిన్న మాత్రకు, తిండిపోతు పిల్లికి పనికొస్తాయేమో. పండు మూతి పెట్టి, పై పొర తినేసి, మాత్రను నేల మీద శుభ్రంగా వదిలేశాడు. ఖరీదుకు ఏమాత్రం తగినవి కావు.

తిండిలో కలపడం గురించి గట్టిగానే చెప్పాలి. రోజూ తినే అన్నంలోనో, చేపలోనో చేదు మందు పొడి చేసి కలిపితే పిల్లి ఆ తిండినే అనుమానిస్తుంది, ఆ తర్వాత మందు లేకపోయినా ముట్టదు. పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే, ముఖ్యంగా లావుగా ఉన్నదైతే, కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదకొస్తుంది. మందు తినిపించబోయి తిండి మాన్పించడం చాలా పెద్ద నష్టం. తేనెలోనో బెల్లం నీళ్లలోనో కలిపినా లాభం లేదు. పిల్లులకు తీపి రుచే తెలియదు. తీపిని పట్టే జన్యువుల్లో ఒకటి వాటిలో పనిచేయడం లేదని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. చేదు మాత్రం బాగా తెలుస్తుంది. పిల్లల సిరప్‌ల తీపి మనకే గానీ వాటికి కాదు.

మా అత్తయ్య మొదట్లో, "అరగదీసి ఉగ్గుగిన్నెతో పోసేయరాదుటమ్మా, మీ ఆయనకి ఆముదం అలాగే పోశాను" అన్నారు. క్లోపిడోగ్రెల్ అరగదీస్తే చేదు నోరంతా పరుచుకుంటుంది. అదలా ఉంచితే, పిల్లి తల పైకెత్తి ద్రవం పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ద్రవ మందే ఇవ్వాల్సివస్తే సూది తీసేసిన చిన్న సిరంజి, కోరపన్ను వెనక ఉన్న సందులోంచి, తల మామూలు ఎత్తులోనే ఉంచి, అర మిల్లీలీటరు చొప్పున, మింగాక మళ్లీ అర. కొన్ని మాత్రలు అసలు నలపకూడనివి, నెమ్మదిగా విడుదలయ్యే రకం లాంటివి. డాక్టరునో ఫార్మసిస్టునో అడగకుండా ఏ మాత్రా పొడి చేయకండి. థైరాయిడ్ ఎక్కువైన పిల్లులకు చెవి లోపలి చర్మానికి రాసే జెల్ ఉంటుంది గానీ, అన్ని మందులకూ ఆ వీలు లేదు.

ఇక పిల్ గన్. సన్నటి ప్లాస్టిక్ గొట్టం, కొసన మెత్తటి రబ్బరు, వెనక నొక్కేందుకు పుల్ల. రెండు వందల చిల్లరకు వచ్చింది. వేళ్లు నోట్లో పెట్టడానికి భయపడేవాళ్లకు ఇది నిజంగా వరం. లోపాలు: రబ్బరు కొసను పండు కొరికి చీల్చాడు. చీలిన ముక్క ఊడి కడుపులోకి పోకముందే పారేసి కొత్తది తెచ్చాం. క్యాప్సూల్‌కు నెయ్యి ఎక్కువైతే రబ్బరుకే అతుక్కుని బయటికి రాదు. మరీ లోతుకు నెడితే గొంతు గీరుకుంటుంది. పక్క నుంచి తోసి నాలుక మొదట్లో వదిలితే చాలు. వాడిన ప్రతిసారీ వేడినీళ్లతో కడగాలి.

నేను మాత్రం వేళ్లతోనే వేస్తాను. నేల మీద కూర్చుని, వాడి వీపు నా వైపు ఉండేలా కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుంటాను, వెనక్కి జరగడానికి చోటుండదు. ఎడమచేయి తల మీద నుంచి తెచ్చి బొటనవేలు, చూపుడువేలు కోరపళ్ల వెనక రెండు బుగ్గల దగ్గర పెట్టి ముక్కు పైకి వంచుతాను. కింది దవడ దానంతటదే వదులవుతుంది. కుడిచేతి మధ్యవేలితో కింది ముందు పళ్లను నొక్కి, క్యాప్సూల్‌ను నాలుక వెనక్కి, సరిగ్గా నడిమధ్యన జారవిడుస్తాను. పక్కకు పడితే కొరుకుతాడు, కొరికితే చేదు. నోరు మూసి, తల మామూలుగా దించి, గొంతు నిమురుతాను. నాలుక బయటపెట్టి ముక్కు నాక్కున్నాడంటే లోపలికి వెళ్లింది. వెంటనే క్రీమ్.

తువ్వాలు మానడానికి కారణం వాడి గుండే. చుట్టగానే పెనుగులాడి, గుండె నా చేతికి టకటకా కొట్టుకునేది. ఇలాంటి పిల్లి నోరు తెరిచి వగర్చిందంటే ఆ పూట మందు సంగతి వదిలి, వాణ్ని కదపకుండా ఉంచి డాక్టరుకి ఫోన్ చేయాలి. మాత్ర కంటే ఊపిరి ముందు. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్ని శ్వాసలో కూడా లెక్కపెడుతుంటాను. 30 దాటుతూ ఉంటే కబురు చేయమన్నారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి నాలుగైదు రోజుల మందయితే తువ్వాలు తప్పేమీ కాదు.

ఉమ్మేస్తే? తడిసి మెత్తబడిన క్యాప్సూల్‌ను మళ్లీ తోయను. కొత్తదాంట్లో పెట్టి అరగంట ఆగి వేస్తాను. ఒక పూట తప్పితే మర్నాడు రెండు వేయను.

మందుల గురించి రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయకుండా ఉండలేను. పిల్లికి జ్వరంగా ఉందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేసేస్తున్నారు. దయచేసి వద్దు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. చిగుళ్లు గోధుమరంగుకు తిరిగి, మొహం వాచి, ఊపిరాడక పోతుంది. పసిపిల్లలకు వేసేదే కదా అని చుక్కలు కూడా వేయకండి. క్లోపిడోగ్రెల్ కూడా మనుషుల షాపులో దొరుకుతోంది కదా అని ఎకో తీయించకుండా సొంతంగా మొదలుపెట్టేది కాదు.

మేం ఊరెళ్లినప్పుడు ఎవరు వేస్తారన్నది చాలాకాలం తేలలేదు. సంక్రాంతికి ఇద్దరం కలిసి కదిలేవాళ్లం కాదు. ఇప్పుడు అత్తయ్య నేర్చుకున్నారు. వేళ్లు వణుకుతాయని పిల్ గన్‌తోనే వేస్తారు. కోసి నింపిన క్యాప్సూళ్లు రోజుకొకటి చొప్పున వారాల పేర్లున్న మాత్రల డబ్బాలో సర్ది పెట్టి వెళ్తాం. వేశాక ఫోన్ చేసి, "మీవాడు ముక్కు నాక్కున్నాడు" అని చెబుతారు.