నంపై ఫైనాన్షియల్: రూపాయి వడ్డీ అసలు రంగు చూపించే చిన్న లైబ్రరీ

అప్పుల లెక్కలు వేసుకోవడానికి పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఉచితంగా దొరికే నంపై ఫైనాన్షియల్ లైబ్రరీని (సిద్ధంగా రాసి ఉంచిన ప్రోగ్రామ్‌ల కట్టను) నేను కొంతకాలంగా వాడుతున్నాను. ఇందులోని ఫంక్షన్లు, అంటే ఒక్కో లెక్క చేసిపెట్టే ప్రోగ్రామ్ ముక్కలు, ఒకప్పుడు అంకెల లెక్కలకు వాడే పెద్ద లైబ్రరీ నంపైలోనే ఉండేవి. 2021లో వచ్చిన 1.20 వెర్షన్‌లో వాటిని అక్కడి నుంచి తీసివేసినందువల్ల, పాత పాఠాలు చూసి ప్రోగ్రామ్ రాసేవారికి ఆ ఫంక్షన్లను వాడిన చోట ఎర్రర్ ఎదురవుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పేరు మధ్యలో హైఫన్, ఇంపోర్ట్ చేసేటప్పుడు అండర్‌స్కోర్ పెట్టాలన్న చిన్న తిరకాసు కూడా ఉంది.

ఈఎంఐని, అంటే నెలనెలా కట్టే సమాన వాయిదాను, లెక్కగట్టేది పీఎంటీ ఫంక్షన్. దానికి నెలవారీ వడ్డీ రేటు, నెలల సంఖ్య, అసలు ఇస్తే చాలు. 20 లక్షల రూపాయల గృహరుణానికి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల గడువు ఇచ్చి చూస్తే నెలకు 17,356 రూపాయలు వచ్చింది. వార్షిక రేటును 100తోనూ 12తోనూ భాగించడం మరచి నేరుగా 8.5 అని ఇస్తే మాత్రం అది ఏ హెచ్చరికా చేయకుండా అర్థం లేని అంకె చూపిస్తుంది. జవాబు ముందు ఋణ (మైనస్) గుర్తు రావడం కొత్తవారిని కంగారు పెడుతుంది. చేతికి వచ్చే సొమ్ము ధనం, చేతి నుంచి పోయేది ఋణం అన్న ఖాతా పద్ధతిని ఇది పాటిస్తుంది. నిజం చెప్పాలంటే ఈఎంఐ ఒక్కటే కావలసినవారికి ఈ లైబ్రరీ అవసరమే లేదు, ఆ సూత్రం మామూలు పైథాన్‌లో ఒక్క వరుసలో ఇమిడిపోతుంది.

ఏ వాయిదాలో వడ్డీ ఎంత, అసలు ఎంత అన్నది ఐపీఎంటీ, పీపీఎంటీ విడదీసి చూపిస్తాయి. పై రుణంలో మొదటి నెల వడ్డీకే సుమారు 14,167 రూపాయలు పోగా, అసలుకు జమయ్యేది 3,190 రూపాయలే. అసలు వాటా వడ్డీ వాటాను దాటడం 143వ వాయిదాలో గాని జరగదు. అదే రుణానికి నెలకు 20,000 కట్టగలిగితే 175వ నెలలో తీరిపోతుందని ఎన్‌పర్ ఫంక్షన్ చెప్పింది.

నేను ఈ లైబ్రరీని ఉంచుకున్నది మాత్రం రేట్ ఫంక్షన్ కోసం. మన ఊళ్లలో నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతమని అందరికీ తెలుసు. అయితే లక్ష రూపాయలు ఇచ్చి, మూడేళ్లకు 36,000 వడ్డీ ముందే కలిపి, నెలకు 3,778 చొప్పున 36 వాయిదాలు కట్టమన్నప్పుడు కూడా దానిని రూపాయి వడ్డీ అనే పిలుస్తారు. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్ష మీద పడుతుందన్న సంగతి ఆ మాటలో కనబడదు. ఈ అంకెలను రేట్‌కు ఇస్తే నెలకు 1.77 శాతం, ఏడాదికి 21.2 శాతం అని తేల్చింది. అంటే అది రూపాయి ముప్పావలా వడ్డీ అన్నమాట. ఈ లెక్క చేతితో తెగదు, ఊహించి సరిచూసుకుంటూ దగ్గరకు చేరవలసిందే. చివర మిగిలే మొత్తం సున్నా అని ఇక్కడ విధిగా రాయాలి, పీఎంటీలో ఆ అవసరం లేదు. ఇలాంటి పొందికలేమి చిరాకు తెప్పిస్తుంది. వాయిదాకు ఋణ గుర్తు పెట్టడం మరచినా సరైన జవాబు రాదు.

పెద్ద కొరత ఏమిటంటే, మధ్యలో మారే వడ్డీ రేటుకూ, ముందస్తుగా కట్టే మొత్తాలకూ ఇందులో ఏర్పాటు లేదు. గృహరుణాలు ఎక్కువగా మారే రేటుతోనే వస్తున్నందున ఇది చిన్న విషయం కాదు. అలాంటివాటికి నెలనెలా మిగిలిన అప్పును తగ్గించుకుంటూ పోయే లూప్‌ను (ఒకే లెక్కను మళ్లీ మళ్లీ చేసే ప్రోగ్రామ్ ముక్కను) మనమే రాసుకోవాలి. పై గృహరుణంలో మొదట్లోనే రేటు 9.5కు పెరిగి, ఈఎంఐ మాత్రం అలాగే ఉంచితే గడువు 240 నెలల నుంచి 309 నెలలకు సాగుతుందని నేను రాసుకున్న పది వరుసల లూప్‌లోనే చూశాను.