వాల్వ్ జబ్బులో గుండె కండరం మచ్చ: ఎల్‌జీఈనా, ఈసీవీనా, ఏది మేలు?

అయోర్టిక్ వాల్వ్, అంటే గుండెలోంచి ఒంటికి రక్తం వెళ్ళే ద్వారం, ఇరుకైపోయిన వాళ్ళ రిపోర్ట్ చేతికి రాగానే అందరి కళ్ళూ ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కసారి కొట్టుకుంటే లోపలి రక్తంలో ఎంత శాతం బయటకి తోస్తుందో) మీదకే పోతాయి, 60 శాతం అనుంటే హమ్మయ్య అనుకుంటారు. కానీ ఆ ఇరుకులోంచి ఏళ్ల తరబడి రక్తం తోసీ తోసీ కండరం దళసరెక్కి, లోపల్లోపల మచ్చ కడుతూ ఉన్నా ఆ 60 మాత్రం కదలదు. అది 50 కిందకి దిగేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయుంటుంది. ఎకోలో స్ట్రెయిన్ చూస్తే ఇంకాస్త ముందే తెలుస్తుంది, నిజమే, కానీ అది కండరం ఎంత ముడుచుకుంటోందో చెప్తుంది అంతే, మచ్చని చూపించదు, పైగా ఆ టైంలో బీపీ ఎక్కువుంటే నంబర్ మారిపోతుంది. బయాప్సీ అంటారా, గుండెలోంచి ముక్క తీయాలి, తీసిన చోట మచ్చ లేకపోతే పక్కనున్నది తప్పిపోతుంది. అందుకే మచ్చ విషయంలో నా ఓటు కార్డియాక్ ఎమ్మారైకే. అయితే అందులోనూ ఎల్‌జీఈ, ఈసీవీ అని రెండు దారులున్నాయి, అసలు పోటీ వాటి మధ్యే.

మొదటిది ఎల్‌జీఈ, అంటే లేట్ గాడోలినియం ఎన్‌హాన్స్‌మెంట్. ఎమ్మారైలో తేడా కనపడేలా చేసే గాడోలినియం అనే మందు ఎక్కించి ఓ పది పదిహేను నిమిషాలు ఆగి ఫోటోలు తీస్తారు. బాగున్న కండరం పూర్తిగా నల్లగా కనపడేలా మెషీన్‌లో టైమింగ్ సెట్ చేస్తారు, మచ్చ ఉన్నచోట మందు నిలిచిపోతుంది కాబట్టి అక్కడ తెల్లగా వెలుగుతుంది. ఈ టైమింగ్ కాస్త తప్పినా కండరం బూడిదరంగులోకి వచ్చి సన్నటి మచ్చలు మాయమైపోతాయి, కాబట్టి స్కాన్ చేసే మనిషి చెయ్యి చాలా ముఖ్యం. హార్ట్ ఎటాక్ మచ్చ లోపలి పొర నుంచి మొదలవుతుంది, వాల్వ్ ఇరుకు వల్ల వచ్చేది ఎక్కువగా గోడ మధ్యలో గీతలా పడుతుంది, అంటే మచ్చ ఉందని చెప్పడమే కాదు దేనివల్ల వచ్చిందో కూడా చాలాసార్లు దీంతో పట్టుకోవచ్చు. యూకేలో సివియర్ అయోర్టిక్ స్టెనోసిస్ (ఈ వాల్వ్ బాగా ఇరుకైపోవడం) ఉన్న 674 మందిని చూసి 2018లో వేసిన స్టడీలో దాదాపు సగం మందికి మచ్చ కనపడింది, మచ్చ ఉన్నవాళ్ళలో మరణాలు లేనివాళ్ళకంటే సుమారు రెట్టింపు. వాల్వ్ మార్చాక కూడా ఈ మచ్చ పోదు, అదే బాధ.

ఇక దీని లోటు. తెల్ల పంచె మీద మరక పడితే తెలుస్తుంది, పంచె మొత్తం ఒకేలా మాసిపోతే మరక ఎక్కడని చూపిస్తాం? ఎల్‌జీఈ పక్క కండరంతో పోల్చి చూపించేది కాబట్టి కండరమంతా సమానంగా పరుచుకున్న ఫైబ్రోసిస్ (కణాల మధ్య పెరిగే మచ్చలాంటి నార) దానికి అందదు. అక్కడికొచ్చేది టీ1 మ్యాపింగ్, టీ1 అంటే ఎమ్మారైలో కండరం సిగ్నల్ మళ్ళీ మామూలు స్థితికి రావడానికి పట్టే టైమ్. మందు ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి టీ1 కొలిచి, రక్తంలో హెమటోక్రిట్ (ఎర్రకణాల శాతం) కూడా కలిపి లెక్కేస్తే ఈసీవీ వస్తుంది, కండరంలో కణాల బయట ఎంత జాగా ఉందో చెప్పే శాతం, ఫైబ్రోసిస్ పెరిగితే ఇదీ పెరుగుతుంది. మామూలుగా 25 దరిదాపుల్లో ఉంటుంది. పెద్ద వయసు వాళ్ళలో ఇది 40 దాటి పోతే ఒట్టి వాల్వ్ సమస్యే కాదు, అమిలాయిడ్ (గుండె కండరంలో తేడా ప్రోటీన్ పేరుకునే జబ్బు) కూడా ఉందేమో అని కచ్చితంగా చూడాలి.

ఈ పరుచుకున్న ఫైబ్రోసిస్ వాల్వ్ మార్చాక కొంత తగ్గుతుంది, నాకు దీని మీద ఆశ అందుకే. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఆపరేషన్ అయ్యాక కణాలు కూడా సన్నబడతాయి కాబట్టి ఫైబ్రోసిస్ తగ్గినా శాతం తగ్గకపోవచ్చు, కాస్త పెరగొచ్చు కూడా, అందుకని శాతం ఒక్కటే చూసి బెంగపడకుండా ఆ కణాల బయటి జాగా మొత్తం ఎన్ని మిల్లీలీటర్లు ఉందో చూడాలి. మందు లేకుండా కొలిచే నేటివ్ టీ1 ఒక్కదాని మీద మాత్రం నాకు అంత నమ్మకం లేదు, 1.5 టెస్లా (మెషీన్ అయస్కాంతం బలం) లో ఒక అంకె, 3 టెస్లాలో ఇంకో అంకె, మెషీన్ మారితే పాతదానితో పోల్చడానికే లేదు. కిడ్నీలు బాగా దెబ్బతిని గాడోలినియం ఇవ్వడానికి సందేహించే వాళ్ళకి అది అక్కరకొస్తుంది.

మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్‌లో (గుండె ఎడమవైపు పైగదికీ కిందగదికీ మధ్యనున్న వాల్వ్ వెనక్కి ఉబ్బే జబ్బు) అయితే ఆలోచించక్కర్లేదు, ఎల్‌జీఈనే, ఎందుకంటే అక్కడ మచ్చ ఆ వాల్వ్‌ని పట్టి ఉంచే పాపిల్లరీ కండరాల దగ్గర, గుండె అడుగు గోడ మీద చిన్న చోట పడి ప్రమాదకరమైన రిథమ్‌లకి దారి తీయొచ్చు, ఈసీవీలాంటి సగటు తీసే నంబర్లలో అది కొట్టుకుపోతుంది.

మరి ఎమ్మారైలో మచ్చ కనపడగానే లక్షణాలు లేకపోయినా వాల్వ్ మార్చేయాలా? ఇదే ప్రశ్నతో ఎవాల్వ్డ్ ట్రయల్ 224 మందితో జరిగి 2024లో వచ్చింది, మరణం లేదా ఈ వాల్వ్ జబ్బు వల్ల అనుకోకుండా ఆస్పత్రిలో చేరడం రెండూ కలిపి చూస్తే త్వరగా మార్చినవాళ్ళలో 18 శాతం, ఆగినవాళ్ళలో 23 శాతం, ఆ తేడా గట్టిగా నిలబడేంత కాదు. కాబట్టి మచ్చ ఒక్కటే చూసి ఆపరేషన్‌కి పరిగెత్తడం నాకు ఒప్పుగా అనిపించదు, కానీ లక్షణాలు ఉన్నాయా లేవా అని తేలనప్పుడు, ఎకో అంకెలు అటూ ఇటూ ఊగుతున్నప్పుడు ఈ రిపోర్ట్ డాక్టర్‌తో మాటలో బాగా బరువు తూగుతుంది.

ఒకటే ఎంచుకోమంటే నేను ఎల్‌జీఈనే అంటాను, ఎక్కువ ఆధారం ఉన్నది దానికే. కానీ రెండూ ఒకే స్కాన్‌లో, ఒకే ఇంజెక్షన్‌తో అయిపోతాయి కాబట్టి ముందే అడిగి రెండూ చేయించుకోండి, హెమటోక్రిట్ కోసం రక్తం అదే రోజు ఇవ్వండి, రిపోర్ట్‌లో ఎల్‌జీఈ లేదు అని మాత్రమే ఉంటే ఈసీవీ ఎంతో తప్పకుండా అడగండి.