జపాన్‌లోని తకమత్సు వెళ్లేవాళ్లు ఆ సైట్లో రూము బుక్ చేయకండి

చవక రూముల లింకు ఒకటి మన గ్రూపుల్లో తెగ తిరుగుతోంది కదా, అదే సైట్. జపాన్‌లో ఉన్న మనవాళ్లు, టూరుకి వచ్చేవాళ్లు దాంట్లో డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

శుక్రవారం అప్పటికప్పుడు అనుకుని నేనూ మా ఆవిడా ఒసాకా నుంచి బయల్దేరాం. ఒకాయామాలో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) దిగి మెరైన్ లైనర్ అనే రైలు ఎక్కితే గంటలోపే తకమత్సు. రిత్సురిన్ తోట చూసి, నవొషిమా దీవికి పడవ ఎక్కాలని ప్లాన్. అప్పుడు ఆ చుట్టుపక్కల దీవుల్లో మూడేళ్లకోసారి వచ్చే సెతోఉచి కళా ఉత్సవం నడుస్తోంది (2025 శరత్కాలంలో అక్టోబరు 3 నుంచి నవంబరు 9 వరకు జరిగింది). దాంతో ఊళ్లో రూములు నిండిపోయాయి. ఆ సైట్లో మాత్రం ఉందని చూపించింది. 28,000 యెన్లు ముందే కట్టాం. ‘కన్ఫర్మ్‌డ్’ అని మెయిల్ కూడా వచ్చింది.

రాత్రి హోటల్‌కి చేరాం. కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టులు తీసుకుని టైప్ చేస్తూ ఆగిపోయింది. స్క్రీన్ మా వైపు తిప్పింది. మా పేరుంది, దాని పక్కనే రద్దు అని ఉంది. సాయంత్రం 6:40కి. రద్దు చేసింది సైటువాళ్లే. అప్పుడు మేం రైల్లో ఉన్నాం. మాకు ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే చాలాసేపు హోల్డ్‌లో పెట్టారు. చివరికి ఒకాయన తీశాడు. “మీరు హోటల్‌కి వెళ్లలేదు సార్, నో షో కింద పడింది, రిఫండ్ రాదు” అన్నాడు. నేను మాట్లాడుతున్నదే ఆ హోటల్ కౌంటర్ ముందు నిలబడి! ఫోన్ ఈ అమ్మాయికిస్తాను, మీరే అడగండి అన్నాను. “థర్డ్ పార్టీతో మేం మాట్లాడం” అని కట్ చేశాడు. రూము అమ్మిన హోటలే వాళ్లకి థర్డ్ పార్టీ అయిపోయింది. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. మళ్లీ చేస్తే ఎత్తే నాథుడు లేడు. మా ఆవిడ మాట్లాడకుండా సూట్‌కేస్ మీద కూర్చుండిపోయింది. రాత్రిపూట తెలియని ఊళ్లో ఆడమనిషిని వెంటబెట్టుకుని వచ్చినవాడితో ఇలాగేనా మాట్లాడేది?

ఆ కౌంటర్ అమ్మాయి మాత్రం, తన తప్పేమీ లేకపోయినా, చుట్టుపక్కల హోటళ్లన్నింటికీ ఫోన్ చేసింది. ఎక్కడా లేవు. ఒకాయామా వెళ్లే ఆఖరి రైలు కూడా పోయింది. కవారామాచి దగ్గర ఒక ఇంటర్నెట్ కేఫ్‌లో కుర్చీల్లోనే తెల్లవార్చాం. పొద్దున్నే తిరుగు రైలెక్కాం. తోట లేదు, పడవ లేదు. (ఊరు మంచిదే, వెళ్లండి. శాకాహారులైతే ఉడోన్ (చారులో వేసిచ్చే లావు నూడుల్స్) తినే ముందు అడగండి, అక్కడి చారు చిన్న ఎండుచేపలతో కాస్తారు.)

ఇలాంటి సైట్లకు చాలాసార్లు సొంతంగా రూములుండవు. ఇంకో ఏజెంటు దగ్గర కొని మనకు అమ్ముతారు. మధ్యలో ఎక్కడ తెగినా మనకు తెలియదు. హోటల్ సొంత సైట్లోనే, కౌంటర్లో డబ్బు కట్టే పద్ధతిలో బుక్ చేయండి. వేరేచోట చేస్తే బయల్దేరే ముందు హోటల్‌కే ఫోన్ చేసి పేరుందో లేదో కనుక్కోండి. రద్దయిన టైమ్ ఉన్న కాగితం ఆ అమ్మాయి ప్రింట్ తీసి, హోటల్ ముద్ర వేసి ఇచ్చింది. దాన్ని పెట్టి కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ డబ్బు వెనక్కివ్వమని ఫిర్యాదు) వేశాను. మీకూ ఇలా జరిగితే ఆ కాగితం తీసుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.