టెన్స్ యంత్రం: కుట్టుమిషను ముందు కూర్చునే నడుముకు ఎంతవరకు ఉపయోగం?

కుట్టుపని చేసేవాళ్లలో నడుము నొప్పి లేనివాళ్లు అరుదు. నాకున్నది డిస్కు సమస్య. ఆపరేషన్ అక్కర్లేదని ఎముకల డాక్టరు తేల్చేశారు గానీ, నొప్పి మాత్రం ఏళ్లు గడిచినా వదల్లేదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఎడతెగకుండా మింగితే కడుపులో పుండ్లు పడతాయని, మూత్రపిండాలకూ ముప్పని హెచ్చరించి, చర్మం మీద అంటించిన ప్యాడ్ల గుండా సన్నగా కరెంటు పంపి నొప్పి తగ్గించే ఈ టెన్స్ యంత్రం కొనుక్కోమన్నారు ఫిజియోథెరపిస్టు.

అరచేతిలో ఇమిడే డబ్బా, రెండు జతల తీగలు, వాటి చివర జిగురు ప్యాడ్లు. అంతే సరంజామా. ప్యాడ్లను వెన్నెముక మీద కాకుండా దానికి అటూ ఇటూ ఉన్న కండ మీద అంటించాలి. మీట కొద్దికొద్దిగా తిప్పుతుంటే ముందు చీమలు పాకినట్టుంటుంది, తర్వాత చర్మం కింద గట్టిగా జుమ్మంటుంది. నొప్పి పుట్టకూడదు, కండ ఎగరకూడదు. సెకనుకు 80 నుంచి 100 సార్లు కొట్టే అమరిక నాకు సరిపడింది. రెండు నుంచి నాలుగు సార్లు కొట్టేదీ ఉంది గానీ, అందులో కండ టకటకా అదురుతుంటే సూదిలో దారం కూడా ఎక్కించలేం.

దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకుంటే హాయిగా ఉంటుంది కదా, దీనికీ ఆధారం అదేనట. స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు.

ఉపశమనం యంత్రం నడుస్తున్నంతసేపు, ఆపాక మరి కాసేపు. ఆ కాసేపట్లో ఏం చేస్తామన్నదే అసలు సంగతి. "అమ్మా, ఇది పెట్టుకుని పడుకుంటే డబ్బు దండగ. పెట్టుకుని నడవండి, వ్యాయామాలు చేయండి" అన్నారు ఫిజియోథెరపిస్టు. నొప్పి లేచేదాకా కూర్చోకుండా, బాగున్నప్పుడే గడియారం చూసి లేవమని కూడా చెప్పారు. శ్రావణమాసంలో జాకెట్లు గుట్టలుగా పడి ఉన్నప్పుడు ఈ మాట పాటించడం చాలా కష్టం. అయినా ఫోనులో అరగంటకో అలారం పెట్టుకున్నాను. మోగగానే సగం కుట్టిన చెయ్యి అలాగే వదిలేసి లేస్తాను. బట్ట కత్తిరించడం ఎత్తైన బల్ల మీద నిలబడి, హుక్కులు కుట్టడం గోడకు ఆనుకుని. వీటివల్ల నాకు కలిగిన మేలు యంత్రం వల్ల కలిగిన దానికంటే ఎక్కువని నిస్సందేహంగా చెప్పగలను.

ఏ జబ్బుకు ఏ వైద్యం చేయాలో డాక్టర్లకు సూచించే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో నడుము నొప్పికి టెన్స్ ఇవ్వవద్దని ఉందని మా అమ్మాయి చదివి చెప్పింది. కాబట్టి ఇది రోగం నయం చేస్తుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. నాకు నచ్చింది వేరే: నొప్పి పెరిగిన రాత్రి ఎవరినీ లేపకుండా, మరో మాత్ర వెతుక్కోకుండా నా చేతులతో నేను చేసుకోగలిగేది ఒకటుంది.

లోపాలూ ఉన్నాయి. వేసవిలో చెమటకు ప్యాడ్లు ఊడిపోతాయి. రెండు నీటి చుక్కలు అద్దితే జిగురు కొన్నాళ్లు నిలుస్తుంది, ఆ తర్వాత కొత్తవి కొనాల్సిందే. నాకు కోపం తెప్పించింది మాత్రం వాడుక పుస్తకం. ముక్క తెలుగు లేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు, మెడ ముందు భాగంలో, గర్భిణుల పొట్ట మీద, పుండు పడినచోట, స్పర్శ తెలియనిచోట పెట్టకూడదు. ప్రాణానికి సంబంధించిన ఈ మాటలను చదవలేని భాషలో అచ్చువేసి చేతిలో పెట్టడం అన్యాయం.

కాళ్లు చచ్చుబడుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా యంత్రం జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మిగతావాళ్లు కొనేముందు ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి పెట్టించుకుని చూడండి. సరిపడితే, ప్యాడ్లూ తీగలూ విడిగా దొరికే రకమే తీసుకోండి.